ఆ ఛేజ్‌లో బుల్లిట్ ఏం గెలిచాడు?

'బుల్లిట్' పేరెత్తగానే ఎవరైనా ముందు కారు మాటే ఎత్తుతారు. ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్, నల్ల డాడ్జ్ చార్జర్, శాన్‌ఫ్రాన్సిస్కో ఏటవాలు వీధులు, ఒక్కో కూడలి దగ్గర గాల్లోకి లేచి దభీమని దిగే చక్రాలు. మాట అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. 1968 అక్టోబరులో విడుదలైన ఈ సినిమా మీద ఇన్నేళ్లుగా చెలామణి అవుతున్న తీర్పు ఒక్కటే. పదకొండు నిమిషాల ఛేజ్ అద్భుతం, దానికి అటూ ఇటూ ఉన్న గంటా నలభై నిమిషాలు దండగ. కథ బుర్రకెక్కదంటారు. హీరో నోరు విప్పడంటారు. హీరోయిన్ ఉన్నా లేనట్టేనంటారు. చూడాలనుకునేవాళ్లకి "ముందుకి జరుపుకుని ఛేజ్ చూసేయ్, చాలు" అని సలహా కూడా ఇస్తారు.

నాకూ ఒక మిత్రుడు ఆ సలహానే ఇచ్చాడు. పాటించాను. చాలాకాలం నాకు 'బుల్లిట్' అంటే ఫోన్ తెర మీద చూసిన ఆ తునకే. బాగుందనుకున్నాను, మరిచిపోయాను. తర్వాత ఎప్పుడో ఒక రాత్రి మొదటి నుంచి చివరిదాకా చూశాను. అవే షాట్లు, అదే వరస, అవే కార్లు. ఈసారి మాత్రం అరచేతులకు చెమట పట్టింది. పెట్రోలు బంకు పేలిపోయాక మనసంతా దిగులైపోయింది. ఆ దిగులు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే, ఈ సినిమా గురించి నేను అంతదాకా విన్నదంతా తలకిందులని అర్థమైంది. నా వాదన సూటిగా చెబుతాను. ఆ ఛేజ్‌ని బుల్లిట్ గెలుపుగా చూడటమే అసలు పొరపాటు. కథలో అది అతనికి తగిలిన పెద్ద దెబ్బ. ఆ దెబ్బకు ముందు పడ్డ కష్టమూ, ఆ తర్వాత దాన్ని పూడ్చుకోవడానికి పడ్డ కష్టమూ కలిస్తేనే సినిమా. పదకొండు నిమిషాలు కోసుకుని చూసినవాడికి దెబ్బ కనపడదు, వేగం ఒక్కటే కనపడుతుంది.

కథ క్లుప్తంగా చెప్పాలి, లేకపోతే వాదన నిలవదు. షికాగో నేరముఠా సొమ్ము కాజేసిన జానీ రాస్ అనేవాడు శాన్‌ఫ్రాన్సిస్కోకి పారిపోయి వస్తాడు. సోమవారం సెనేట్ ఉపసంఘం ముందు ముఠా గుట్టు విప్పాలి. అతణ్ణి నిలబెట్టి పేరు కొట్టేద్దామని చూస్తున్న నాయకుడు వాల్టర్ చామర్స్. అప్పటిదాకా ఆ సాక్షిని కాపాడే పని లెఫ్టినెంట్ ఫ్రాంక్ బుల్లిట్ మీద పడుతుంది. ఎత్తైన రోడ్డు వంతెనను ఆనుకుని ఉన్న చవక హోటల్లో ఒక గది. రాత్రివేళ ఇద్దరు హంతకులు వస్తారు. కాపలా పోలీసు గాయపడతాడు, సాక్షి ఆస్పత్రిలో చనిపోతాడు. ఆ చావు బయటికి పొక్కితే కేసు తన చేతుల్లోంచి పోతుందని బుల్లిట్‌కి తెలుసు. డాక్టరు సాయంతో శవాన్ని అనామక శవంగా మార్చురీకి చేర్చి, సాక్షి బతికే ఉన్నాడన్న భ్రమను నిలబెడతాడు. పైనుంచి చామర్స్ ఒత్తిడి. చేతిలో ఉన్న సమయం గంటల్లో లెక్క. ఆ సమయంలోనే నల్ల చార్జర్ అతని వెనక పడుతుంది.

ఇప్పుడు ఛేజ్ ముగిసిన చోటికి వద్దాం. చార్జర్ అదుపు తప్పి పెట్రోలు బంకులోకి దూసుకెళ్తుంది. మంటలు. లోపల ఇద్దరూ మాడి మసైపోతారు. సాక్షిని చంపింది వాళ్లే. అంతకుముందు ఆస్పత్రి కింది అంతస్తుల్లో బుల్లిట్ కాలినడకన వెంటపడి చేజార్చుకున్న నెరిసిన జుట్టు మనిషి ఆ కార్లోనే ఉన్నాడు. వాళ్లని పంపిందెవరు, ఆ హోటల్ గది ఆచూకీ చెప్పిందెవరు? జవాబు చెప్పగలిగిన మనుషులే బుల్లిట్‌కి దక్కిన పెద్ద ఆధారం. అది కళ్లముందే కాలిపోయింది. దాన్ని కాల్చినవాడు తనే. ఆ క్షణంలో బుల్లిట్‌గా నటించిన స్టీవ్ మెక్వీన్ ముఖం చూడండి. శత్రువుని మట్టుబెట్టిన హీరో మొహం ఎలా ఉంటుందో మన తెలుగు ప్రేక్షకుడికి బాగా తెలుసు. ఆ కళ ఇక్కడ మచ్చుకైనా కనపడదు. చేతికందిన వస్తువు జారి పగిలిపోయినవాడి మొహం అది.

తర్వాతి సీన్లో ఏమవుతుంది? చప్పట్లు లేవు, భుజం తట్టేవాళ్లు లేరు. పై అధికారుల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. హెబియస్ కార్పస్ రిట్ వచ్చి కూర్చుంది, దాచిన చావు బయటపడిపోయింది. చేతిలో ఏముందని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. మిగిలిన ఆధారాలు తేల్చుకోవడానికి సోమవారం దాకా గడువు దొరుకుతుంది, అంతే. ఛేజ్‌తో ఆపేసినవాళ్లు ఈ సీను చూడరు. చూసినవాళ్లు కూడా ఛేజ్ మత్తులో దీన్ని పట్టించుకోరు.

ఇంకో సంగతి ఉంది. సినిమా చరిత్రలోనే గొప్ప కారు ఛేజ్ నడిపిన మనిషికి ఆ వెంటనే ఎక్కడానికి కారు ఉండదు! సాన్ మాటియో వెళ్లాలి, మస్టాంగ్ పాడైపోయింది. ప్రేయసి క్యాతీ తన పసుపుపచ్చ పోర్షెలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తుంది. వీధులన్నీ గడగడలాడించినవాడు ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని దారి చూస్తున్నాడు. దర్శకుడు పీటర్ యేట్స్ దీన్ని నొక్కి చెప్పడు, నవ్వించడానికి వాడుకోడు. ఛేజ్‌కి చెల్లించాల్సిన మూల్యం ఇది అని నిశ్శబ్దంగా చూపించి ముందుకెళ్తాడు. ఒక దర్శకుడు తన సినిమాలో అందరూ మెచ్చే ఘట్టాన్ని కోరికోరి ఇలా కిందికి దించాడంటే, ఆ ఘట్టం గురించి అతనికి మనకంటే ఎక్కువే తెలుసు. యేట్స్ బ్రిటన్ మనిషి. అంతకుముందు ఏడాది తీసిన 'రాబరీ'లో లండన్ వీధుల్లో కారు ఛేజ్ చూసే ఇతణ్ణి హాలీవుడ్ పిలిపించుకుంది. అంటే ఛేజ్ కోసమే పిలిపించుకున్న దర్శకుడు, ఆ ఛేజ్‌ని ఇలా వాడాడు.

మరి కేసు తేలిందెలా? ఇదే ఎవరూ మాట్లాడని భాగం. ఒక టాక్సీ డ్రైవర్ (రాబర్ట్ డువాల్, అప్పటికింకా పెద్ద పేరు లేని నటుడు) సాక్షిని ఎక్కడెక్కడికి తీసుకెళ్లాడో మళ్లీ అదే దారిలో తిప్పి చూపిస్తాడు. ఆ మనిషి ఫోన్ బూత్‌లోకి వెళ్లి కాల్ చేశాడని గుర్తు చేసుకుంటాడు. చిల్లర బాగా వేశాడు కాబట్టి అది దూరం కాల్ అయుంటుంది. ఆ చిల్లర మాట పట్టుకుని పోలీసులు సాన్ మాటియోలోని ఒక హోటల్ దాకా వెళ్తారు. అక్కడ ఒక స్త్రీ, గొంతు నులిమి చంపేశారు. ఆమె పెట్టెలు తెచ్చి స్టేషన్లో విప్పుతారు. ఒక్కో వస్తువూ బయటికి తీయడం, పేరు చదవడం, పక్కన పెట్టడం. బట్టలు, ప్రయాణాల కరపత్రాలు, ట్రావెలర్స్ చెక్కులు. ఆ చెక్కుల మీద ఉన్న పేర్లు అసలు ముడిని విప్పుతాయి. తర్వాత షికాగో నుంచి పాస్‌పోర్టు కాగితం రావాలి. ఫోన్ తీగ మీద కాగితం నకలు పంపే యంత్రం, ఆ రోజుల్లో అదో వింత. అది తన పని తాను చేసుకుంటూ తిరుగుతుంటే చుట్టూ అందరూ నిలబడి ఎదురుచూస్తారు. చామర్స్ కూడా. ఎవరూ మాట్లాడరు. చివరికి కాగితం చేతికొస్తుంది. అందులో ఉన్న ముఖం మార్చురీలో ఉన్న శవానిది. పేరు మాత్రం జానీ రాస్ కాదు.

నేను ఈ సినిమాలో ఊపిరి బిగబట్టింది రెండుచోట్ల. ఒకటి ఛేజ్, రెండోది ఈ యంత్రం. వంద మైళ్ల వేగంతో దొరకని నిజం, నత్తనడక నడిచే యంత్రంలోంచి కాగితం ముక్కగా బయటికొస్తుంది. ఈ రెండూ ఒకే సినిమాలో, ఒకదాని వెనక ఒకటి ఉండటం కాకతాళీయం అని ఎలా అనుకోమంటారు?

కథ అర్థం కాదన్న ఫిర్యాదుకి ఇక్కడే జవాబు ఉంది. హోటల్ గదిలో సాక్షి తన చేత్తోనే తలుపు గొళ్లెం గొలుసు తీస్తాడు. హంతకులు రాకముందే తీస్తాడు. ఎందుకు తీశాడని బుల్లిట్‌ని మొదటి నుంచీ తొలిచేసే ప్రశ్న అదే. చనిపోయినవాడు రాస్ కాదు, ఆల్బర్ట్ రెనిక్ అనే షికాగో కార్ల సేల్స్‌మన్. డబ్బు తీసుకుని రాస్‌గా నటించడానికి ఒప్పుకున్నాడు. తలుపు తీయమంటే తీశాడు. తనని చంపించడమే ఆ పథకమని అతనికి తెలియదు. ముఠా దృష్టిలో రాస్ చచ్చిపోవాలి, అసలు రాస్ రెనిక్ పాస్‌పోర్టుతో దేశం దాటిపోవాలి. అంతే కథ. నాలుగు వాక్యాల్లో చెప్పేయవచ్చు. సినిమా కూడా నాలుగు వాక్యాల్లోనే చెబుతుంది, మళ్లీ మళ్లీ చెప్పదు. ఏ పాత్రా ప్రేక్షకుడి వైపు తిరిగి "చూశావా, అందుకే తలుపు తీశాడు" అనదు. ఛేజ్ ఎప్పుడొస్తుందా అని గడియారం చూసుకుంటూ కూర్చున్నవాడి చెవిని ఆ నాలుగు వాక్యాలూ దాటిపోతాయి. తప్పిపోయింది ప్రేక్షకుడి ధ్యాస. ఆ నేరం సినిమా మీద మోపడం అన్యాయం. రాబర్ట్ ఎల్. ఫిష్ మారుపేరుతో రాసిన 'మ్యూట్ విట్‌నెస్' అనే నవల దీనికి మూలం. అది న్యూయార్క్‌లో జరిగే కథ. రచయితలు ఆలన్ ట్రస్ట్‌మన్, హ్యారీ క్లైనర్ దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి తెచ్చారు. మాటలు తగ్గిపోయాయి నిజమే. అర్థం తగ్గలేదు.

ఇక ఛేజ్. నేను దాన్ని తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోకూడదు. నిజానికి దాన్ని పొగిడేవాళ్లే తక్కువ చేస్తున్నారని నా ఆరోపణ. వాళ్లు పొగిడేది వేగాన్ని. గంటకు 110 మైళ్లు దాటిందంటారు, అంటే మన లెక్కలో 175 కిలోమీటర్ల పైమాటే. కెమెరా నెమ్మదిగా తిప్పి తెర మీద వేగం పెంచే పాత ఉపాయం వాడలేదంటారు. మెక్వీన్ స్వయంగా నడిపాడంటారు. ఇవన్నీ నిజమే. ప్రమాదకరమైన చోట్ల బడ్ ఎకిన్స్ లాంటి స్టంట్ మనుషులు నడిపారు. లోపలి అద్దంలో మెక్వీన్ ముఖం కనపడితే అతనే, అద్దం పైకి తిప్పేసి ఉంటే వేరొకరు అని అభిమానులు లెక్కగట్టుకుంటారు కూడా. కానీ ఆ పది నిమిషాల చిల్లరలో అసలు గొప్పతనం వేగం మొదలుకాకముందే ఉంది.

చార్జర్ మస్టాంగ్‌ని వెంబడిస్తుంది. బుల్లిట్ గమనిస్తాడు, సందులో మలుపు తిరిగి మాయమైపోతాడు. హంతకులు వెతుక్కుంటారు. అప్పుడు వాళ్ల అద్దంలో, వెనకాల కొండ మీంచి దిగుతూ ఆకుపచ్చ కారు ప్రత్యక్షమవుతుంది. వేటాడేవాడు వేట అయిపోయాడు. చార్జర్ నడుపుతున్నవాడు (బిల్ హిక్‌మన్, నిజంగానే స్టంట్ డ్రైవర్) ఒక్క మాటా అనకుండా సీటు బెల్టు బిగించుకుంటాడు. అంతదాకా లాలో షిఫ్రిన్ సంగీతం పిల్లి అడుగుల్లా నడుస్తూ ఉంది. చక్రాలు కీచుమన్న మరుక్షణం సంగీతం ఆగిపోతుంది. పెట్రోలు బంకు పేలేదాకా మళ్లీ రాదు.

ఈ నిర్ణయం ఎంత పెద్దదో తెలుగు సినిమా చూసి పెరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మన దగ్గర రీరికార్డింగ్ లేని ఛేజింగ్ సీను ఊహించలేం. ఎక్కడ భయపడాలో, ఎక్కడ ఈల వేయాలో డ్రమ్ములు చెబుతాయి. షిఫ్రిన్ చేతకాని సంగీతకారుడేం కాదు. 'మిషన్ ఇంపాజిబుల్' టీవీ సీరియల్‌కి ప్రపంచమంతా గుర్తుపట్టే బాణీ కట్టినవాడు. అలాంటివాడిని పెట్టుకుని కూడా సినిమాలో అతి పెద్ద ఘట్టానికి సంగీతం తీసేశారు. మిగిలింది ఇంజిన్ల గర్జన, గేరు మార్పు, రోడ్డుకి బానెట్ కొట్టుకున్న చప్పుడు. పక్షం ఎంచుకోమని మనకి ఎవరూ సైగ చేయరు. బుల్లిట్ ఒక్క మాటైనా మాట్లాడడు, ఒక్క గుండైనా పేల్చడు. రెండు యంత్రాలు, వాటిలో కొట్టుకుపోతున్న మనుషులు. సంగీతం ఉండి ఉంటే చివరి మంటలు విజయంలా వినిపించేవి. లేదు కాబట్టే ఆ మంటలు ప్రమాదంలా, చావులా వినిపించాయి. ఫ్రాంక్ కెల్లర్ ఎడిటింగ్‌కి ఆస్కార్ ఇచ్చినవాళ్లు కోతల వేగం చూసి ఇచ్చారో, ఈ నిగ్రహం చూసి ఇచ్చారో నాకైతే రెండోదే కారణంలా అనిపిస్తుంది.

తప్పులు పట్టుకునేవాళ్ల సంగతి త్వరగా ముగిద్దాం. ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. చార్జర్ ఉన్న చక్రాలకంటే ఎక్కువ వీల్‌క్యాపులు రాల్చుకుంటుంది. మలుపు తిరిగితే ఊరి ఇంకో మూల తేలతారు. అవును, అన్నీ నిజం. ఒకే ఘటనను నాలుగు చోట్ల నుంచి తీసి వరసగా అతికించారు. అవి లెక్కపెట్టడం సరదా పని. విమర్శ అని దానికి పేరు పెట్టకండి. అదే ఛేజ్‌లో మలుపు దాటిపోయి, టైర్లు పొగలు కక్కేలా వెనక్కొచ్చి, మళ్లీ దారి పట్టిన బుల్లిట్ కూడా ఉన్నాడు. ఆ పొరపాటుని కత్తిరించకుండా ఉంచేసిన మనుషులకి తాము ఏం తీస్తున్నారో బాగా తెలుసు. తప్పటడుగు వేసే హీరోని చూపించడానికి భయపడలేదు వాళ్లు.

దీనితో ముడిపడిన మరో అపోహ: బుల్లిట్ అంటే 'స్టైల్'. మెడ దాకా వచ్చే స్వెట్టరు, ముడతలు పడని కోటు, మాటకి మాట చెప్పని గంభీరం. ఆ గంభీరాన్ని నేను అలసట అంటాను. సినిమాలో మొదటిసారి కనపడినప్పుడే అతను తెల్లవారుజామున పడుకుని, లేవడానికి ఒళ్లు సహకరించని మనిషి. సహచరుడు డెల్గెట్టి వచ్చి లేపాలి. ఇంటి ఎదురు కొట్లో అతను కొనేవి వెచ్చబెట్టుకునే తయారు భోజనాల పెట్టెలు, ఒకదాని మీద ఒకటి దొంతరగా. వండుకునే తీరికా, ఎదురుగా కూర్చుని తినే మనిషీ లేనివాడి సరుకులు అవి. వీధిలో పత్రిక కొనబోతే జేబులో చిల్లర ఉండదు, పెట్టెని గుంజి పత్రిక లాక్కుంటాడు. ఇది స్టైల్ అయితే, రాత్రి డ్యూటీ దిగి బస్టాపులో కూర్చున్న మా ఊరి కానిస్టేబుళ్లంతా స్టైల్ రాజులే. మెక్వీన్ తన డైలాగులు తనే తగ్గించుకునే నటుడని అందరూ చెప్పేదే. ఇక్కడ ఆ అలవాటు పాత్రకి సరిగ్గా అమరింది. పనిలో మునిగిన మనిషికి మాటలు మిగలవు.

అసలు మాటలన్నీ ఎవరివో గమనించండి. చామర్స్‌వి. రాబర్ట్ వాన్ ఆ పాత్రని ఎంత నున్నగా చేశాడంటే, ఒక్క మాటైనా గట్టిగా అనకుండానే గదిలో గాలి బిగుసుకుంటుంది. ఆస్పత్రిలో ఒక సీను ఉంది. ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్ విలర్డ్ నల్లజాతి యువకుడు. చామర్స్ అతణ్ణి చూస్తాడు. జాతి మాట ఎత్తడు. అనుభవం చాలదేమో, ఇంకొకరిని పిలిపిద్దాం అంటాడు. విలర్డ్ చెవిన పడుతుంది. అతని పాత్రలో జార్జ్ స్టాన్‌ఫర్డ్ బ్రౌన్ ఏమీ అనడు. తర్వాత శవాన్ని దాచడానికి బుల్లిట్‌కి సాయం చేసేది ఆ డాక్టరే. ఎందుకు చేశాడో సినిమా వివరించదు, వివరించాల్సిన అవసరమూ రాదు. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన ఏప్రిల్, రాబర్ట్ కెనడీని చంపిన జూన్, శాంతిభద్రతల పేరు చెప్పుకుని నిక్సన్ గెలిచిన నవంబరు, అన్నీ ఆ 1968వే. జూన్‌కీ నవంబరుకీ మధ్య జనం ముందుకొచ్చిన ఈ సినిమాలో శాంతిభద్రతల జపం చేసే నాయకుడు పోలీసుని బంట్రోతులా వాడుకుంటాడు. చివర్లో అతను ఎక్కి వెళ్లిపోయే కారు వెనక అంటించిన నినాదం, మీ ఊరి పోలీసుకి అండగా నిలవండి అని. కెమెరా దాన్ని చూపించి ఊరుకుంటుంది. ఈ సినిమాలో ఏమీ లేదనేవాళ్లు ఆ స్టిక్కర్‌ని ఎన్నడైనా చదివారా?

ఒకటి ఒప్పుకుంటాను. క్యాతీ పాత్ర చిన్నది. జాక్వెలిన్ బిసెట్‌కి ఇంకా చోటు ఉండాల్సింది. కానీ లేనట్టేనని అనడం అబద్ధం. సాన్ మాటియోలో గొంతు నులిమిన శవాన్ని చూసింది ఆమె. తిరిగొస్తూ దారి పక్కన కారు ఆపేసి దిగిపోతుంది. నువ్వు రోజూ బతికే లోకం ఇదా, ఇంత చావు చూసి కూడా నీకేమీ అనిపించడం లేదా, మనం రేపు ఏమవుతాం అని అడుగుతుంది. ఛేజ్‌లో మంటలు చూసి మనం కేరింతలు కొట్టి పది నిమిషాలైనా కాలేదు. క్యాతీ ప్రశ్న బుల్లిట్‌ని దాటి నాకూ తగిలింది. నేను ఇందాక చూసి ఆనందించింది ఏమిటి? ఇద్దరు మనుషులు తగలబడటం. ఛేజ్ తర్వాత నాకు కలిగిన దిగులుకి సినిమా ఇచ్చిన మాట ఈ సీను. దీన్ని సాగతీత అని తోసేసేవాళ్లతో నాకు రాజీ కుదరదు.

ఇదంతా ఎలా చెరిగిపోయింది? కారు సినిమాని మింగేసింది. 1997లో ఫోర్డ్ కంపెనీ మెక్వీన్ పాత బొమ్మల్ని అతికించి ప్యూమా కారుకి ప్రకటన తీసింది. 'బుల్లిట్' పేరుతో మస్టాంగ్‌లు 2001లో, 2008లో, మళ్లీ 2019 మోడల్‌గా అమ్మింది. 2020 జనవరిలో సినిమాలో వాడిన మస్టాంగ్ వేలంలో 34 లక్షల డాలర్లు పలికింది. వ్యాపారం వ్యాపారమే, తప్పుపట్టను. కానీ ప్రకటన కోసం కోసిన ముక్కనే మనం సినిమా అనుకోవడం మొదలుపెట్టాం. నిర్మాత ఫిలిప్ డాంటోని కూడా ఆ ముక్క విలువ పట్టేశాడు. మూడేళ్లకే 'ఫ్రెంచ్ కనెక్షన్', ఆ తర్వాత తనే దర్శకుడై 'సెవెన్ అప్స్', రెండింట్లోనూ ఛేజ్, రెండింట్లోనూ స్టీరింగ్ దగ్గర అదే బిల్ హిక్‌మన్. 'ఫ్రెంచ్ కనెక్షన్' మహత్తరమైన సినిమా. అక్కడ రైలు వెంట కారు పరుగెత్తేది పోలీసు ఉన్మాదంతో, ఆ ఉన్మాదమే ఆ సినిమా విషయం. రెండింటినీ ఒకే గాటన కట్టి, ఏది గొప్ప ఛేజ్ అని మార్కులు వేయడం రెండిటికీ ద్రోహం.

ఛేజే ముఖ్యమైతే సినిమా దానితో ముగియాలి. ఇక్కడ ఛేజ్ ముగిసేసరికి ఇంకా చాలా సినిమా మిగిలే ఉంటుంది. ముగింపు విమానాశ్రయంలో. అసలు రాస్ రోము వెళ్లాల్సింది లండన్ విమానం ఎక్కేశాడు. బుల్లిట్ ఆపిస్తాడు. రాస్ దూకి రన్‌వే మీద పరుగు, చీకటి, తలమీదుగా పోయే జెట్ విమానం కింద నేలకి కరుచుకుపోయిన బుల్లిట్. ఇక్కడ కారు లేదు, రెండు కాళ్లే. పరుగు జనంతో కిక్కిరిసిన టెర్మినల్‌లోకి చేరుతుంది. రాస్ ఒక గార్డుని కాల్చేస్తాడు. సినిమా అంతటా తుపాకీ పేల్చని బుల్లిట్ ఇక్కడ పేలుస్తాడు. చామర్స్‌కి కావలసిన సాక్షి, బుల్లిట్‌కి కావలసిన నేరస్థుడు, ఇద్దరూ ఒక్కడే, గాజు తలుపు దగ్గర పడిపోయాడు. చుట్టూ జనం మూగుతారు. బుల్లిట్ కోటు విప్పి శవం మీద కప్పుతాడు. రెండోసారి కూడా వెంటపడ్డవాడు ప్రాణంతో దక్కలేదు.

తెల్లవారుతుండగా ఇంటికొస్తాడు. క్యాతీ పడుకుని ఉంది. లేపడు. నీళ్ల గదిలోకి వెళ్లి చేతులు కడుక్కుని, తలెత్తి అద్దంలో తనని తాను చూసుకుంటాడు. ఎంతసేపు చూసుకుంటాడో, ఏమనుకుంటాడో మనకి చెప్పరు. బెల్టు, భుజానికి తగిలించే తోలు ఒర బయట విప్పి పెట్టాడు. ఆ ఒర తీరు శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు ఇన్‌స్పెక్టర్ డేవ్ టోస్కీని చూసి మెక్వీన్ ఎంచుకున్నదని చెబుతారు. ఆకుపచ్చ మస్టాంగ్‌ని చివరి బొమ్మగా పెట్టుకునే అవకాశం యేట్స్‌కి ఉంది. పెట్టలేదు. నీళ్ల చప్పుడు వెనక వినిపిస్తుండగా కెమెరా మెల్లగా వచ్చి ఆ తుపాకీ మీద, దాని పక్కన మిగిలిన గుళ్ల మీద ఆగింది.